నిమ్మకు పూత రావట్లేదా? ముందు నీళ్లు ఆపి చూడండి

మూడేళ్ల అంటు మొక్క, విజయవాడలో డాబా మీద కుండీలో ఏపుగా పెరిగింది, పూత మాత్రం లేదు, రోజూ నీళ్లు పోస్తున్నాం, నెలనెలా యూరియా వేస్తున్నాం అని రాశారు. ఆ యూరియా మానేయండి. రోజూ నీళ్లు కూడా.

మాది గుంటూరు. నీళ్లు వృథా పోకూడదని మా అత్తయ్యగారు అంట్లు తోమే చోటు పక్కనే నిమ్మ పెట్టించారు. అసలే నల్లమట్టి, పాదు ఎప్పుడూ ఆరేది కాదు. ఆకు నిగనిగలాడేది, నాలుగేళ్లలో ఒక్క పువ్వు లేదు. చివరికి చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి తేనెరంగు బంక కారింది. ఆ ఏడే చెట్టు చచ్చిపోయింది.

రెండోది మట్టి ఎత్తు చేసి నాటాను, నీళ్లు మొదలుకు తగలకుండా చుట్టూ దూరంగా పాదు తీశాను. తెనాలి వైపు నిమ్మతోట ఉన్న మా పెదనాన్న "కాస్త బెట్ట తగలనివ్వమ్మా" అన్నారు. డిసెంబరులో వానలు వెళ్లాక నీళ్లు ఆపేశాను. మధ్యాహ్నం ఆకు వాలిపోయి సాయంత్రానికి లేచేది. తెల్లారినా లేవని రోజున గంపెడు పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి పాదు నిండా నీళ్లు పెట్టాను. ఫిబ్రవరికల్లా కొమ్మ కొమ్మకీ మొగ్గలే! కాయ తయారవడానికి ఇంకో ఐదారు నెలలు పట్టింది.

కుండీ మట్టి రోజుల్లోనే ఎండిపోతుంది కాబట్టి మీరు ఆకు వాలగానే నీళ్లు పోసేయండి. మే ఎండల్లో మాత్రం ఈ ప్రయోగం వద్దు, మొక్కే పోతుంది. పూత వచ్చాక మళ్లీ ఎండగట్టినా పిందె రాలిపోతుంది.

ఇంకోటి, అంటు కట్టిన చోటుకు కింది నుంచి ముళ్లతో నిటారుగా లేచే కొమ్మలుంటే మొదటికంటా కోసేయండి. అవి మీరు కొన్న నిమ్మవి కావు, వేరు మొక్కవి. చూడ్డానికి బలంగా ఉన్నాయని నేను ఒక ఏడాది ముద్దుగా పెంచాను!

ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు. మందెందుకు, చేత్తో ఏరేయొచ్చు. కాయల మీద గరుకు మచ్చలొస్తే గజ్జి తెగులు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టండి. మళ్లీ మొక్క కొంటే బాలాజీ రకం అడగండి, గజ్జిని బాగా తట్టుకుంటుంది.