సాలీడు కథ చివర "నీతి:" అని రాయకండి

మీ ప్రశ్న: "ఏడేళ్ళ, పదేళ్ళ పిల్లలకు ఆఫ్రికా జానపద కథలు చెబుదామనుకుంటున్నాను. ఏ కథలో ఏ నీతి ఉందో చెప్పగలరా?"

కథకో నీతి చొప్పున పట్టిక మాత్రం ఇవ్వనండి. అలాంటి పట్టికలు నెట్‌లో బోలెడున్నాయి, ఈ కథలు చప్పబడిపోయింది వాటివల్లే. ముందు "ఆఫ్రికా కథ" అనడం మానెయ్యాలి. యాభైకి పైగా దేశాలున్న ఖండం అది. ఘనాలో అకాన్ జనానికి అనాన్సి అనే సాలీడు ఉంది, నైజీరియాలో యొరుబా వాళ్ళకు ఇజాపా అనే తాబేలు, తూర్పున స్వాహిలి మాట్లాడే చోట సుంగురా అనే కుందేలు. కథ ఎవరిదో పిల్లలకు ముందే చెప్పండి. పేరు చెబితే ఆ కథకో ఊరూ మనుషులూ వస్తారు.

మీ పిల్లల వయసుకు అనాన్సితోనే మొదలుపెట్టండి. లోకంలో కథలన్నీ ఆకాశ దేవుడు న్యామె దగ్గరే ఉన్నాయి. అవి కొనుక్కుంటానని సాలీడు వెళ్తాడు. పెద్ద పెద్ద పట్టణాల వాళ్ళే కొనలేక వెనక్కి పోయారు, నీవల్ల ఏమవుతుందంటాడు న్యామె. చెప్పిన వెల నాలుగు ప్రాణాలు: ఒనిని అనే కొండచిలువ, ఒసెబో అనే చిరుత, మ్మోబొరో కందిరీగలు, మ్మోఆటియా అనే అడవి దేవకన్య. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాట్రే సేకరించి 1930లో అచ్చువేసిన అకాన్ కథల పుస్తకంలో ఈ కథ వివరంగా ఉంది. అందులో చాలా ఎత్తులు వేసేది అనాన్సి కాదు, అతని పెళ్ళాం అసొ. పిల్లల పుస్తకాల్లో ముందు ఎగిరిపోయేది ఆవిడే. ఆవిడను తీసేస్తే మిగిలేది ఒక్క మగాడి తెలివితేటల కథ, అది వేరే కథ. ఆవిడను కచ్చితంగా ఉంచండి.

కొండచిలువ ఘట్టం చూడండి. పొడవాటి తాటి మట్ట, కాస్త తీగ పట్టుకుని వాగు గట్టున నడుస్తూ అనాన్సి తనలో తనే గట్టిగా వాదించుకుంటాడు: "ఇదే పొడుగు." "కాదు, ఆయనే పొడుగు." పాము విని ఏమిటని అడుగుతుంది. "మా ఆవిడ ఈ మట్ట నీకంటే పొడుగంటోంది, నేను కాదంటున్నాను." అయితే కొలుచుకో అంటుంది పాము. మట్ట పక్కన సాగి పడుకుంటుంది, తీగ చుట్టలు చుట్టలుగా తల దాకా వచ్చేస్తుంది. ఇది చెప్పడానికి ఇంట్లో చీపురుకట్ట చాలు. వాదన రెండు గొంతులతో చెప్పాలి, కట్టడం నిదానంగా తోక నుంచి మొదలుపెట్టాలి. "పామును మోసం చేసి కట్టేశాడు" అని ఒక్క ముక్కలో ముగిస్తే పిల్లలకు దక్కేదేమీ ఉండదు. పాము తనంతట తనే ఎందుకు పడుకుందన్నదే అక్కడి విషయం.

కందిరీగలకు సొరకాయ బుర్రనిండా నీళ్ళు కావాలి. సగం వాటిమీద చల్లి, సగం తనమీద పోసుకుని, అరటాకు నెత్తిన పెట్టుకుని "వానొచ్చింది, ఈ బుర్రలోకి రండి" అంటాడు. తను తడవకపోతే నమ్మవు. చాలామంది ఈ ముక్క వదిలేస్తారు, అప్పుడు కందిరీగలు తెలివితక్కువవిగా కనిపిస్తాయి. చిరుతకు గొయ్యి తవ్వడమే, అక్కడ ఆగక్కర్లేదు.

అసలు మజా మ్మోఆటియా దగ్గరుంది. చెక్కతో బల్లపరుపు ముఖం బొమ్మ చెక్కి, చెట్టు నుంచి తీసిన జిగురు ఒళ్ళంతా పూస్తాడు. ఉడికించి మెదిపిన పెండలం ముద్ద, దాన్ని అక్కడ ఎతో అంటారు, కొంత బొమ్మ చేతిలోనూ మరికొంత ఇత్తడి గిన్నెలోనూ పెడతాడు. బొమ్మ నడుముకు తాడు కట్టి, కొస తన చేతిలో పట్టుకుని దాక్కుంటాడు. ఓడుమ్ చెట్టు కింద ఆడుకోవడానికి వచ్చిన దేవకన్య "కొంచెం తినొచ్చా?" అని అడుగుతుంది. తాడు లాగితే బొమ్మ తల ఊపుతుంది. తినేసి థాంక్స్ చెబుతుంది, బొమ్మ పలకదు. మళ్ళీ పలకదు. కోపమొచ్చి చెంప మీద ఒక్కటిస్తుంది, చెయ్యి అతుక్కుపోతుంది. రెండో చెయ్యి, తర్వాత కాళ్ళు, పొట్ట, అన్నీ అంటుకుపోతాయి. అడిగి తిన్నది, తిని కృతజ్ఞత చెప్పింది, మర్యాదలో ఏ లోటూ లేదు. పట్టుబడింది ఎదుటివాళ్ళు బదులివ్వలేదన్న కోపంతో. "మోసం చెయ్యరాదు" అని కింద రాస్తే ఈ పనితనమంతా పోయినట్టే. పైగా మోసం చేసినవాడే గెలిచాడు కదా, పిల్లలు వెంటనే పట్టేస్తారు.

తెలివి కుండ కథా అంతే. లోకంలోని తెలివంతా కుండలో దాచి అనాన్సి చెట్టెక్కబోతాడు. కుండ కడుపు మీద కట్టుకున్నాడు కాబట్టి కాళ్ళూ చేతులూ మానును అందుకోవు. వీపు మీద కట్టుకో నాన్నా అంటాడు కొడుకు న్టికుమా. తన కుండలో లేని తెలివి పిల్లవాడి దగ్గరుందని తెలిసేసరికి కుండ జారి పగులుతుంది. ఇక్కడ ఆపేసి కుండ ఎందుకు జారిందో పిల్లల్నే చెప్పమనండి.

ఇంకో రకం కథలకు ముగింపే వాదన. మన భేతాళుడి ప్రశ్నలాంటివే. లైబీరియా కథ ఒకటుంది: వేటకెళ్ళిన తండ్రి తిరిగి రాడు, అందరూ మరిచిపోతారు. తర్వాత పుట్టిన పసివాడు మాటలొచ్చాక మొదట అడిగేది "నాన్నేడి?" అని. అప్పుడు అన్నలు వెతుకుతారు. ఒకడు ఎముకలు పేరుస్తాడు, ఒకడు కండ, ఒకడు నెత్తురు, ఒకడు ఊపిరి ఇస్తాడు. లేచొచ్చిన తండ్రి ఆవు తోక చామరం చేసి ఎవరికివ్వాలో ఆలోచిస్తాడు. అక్కడ ఆపండి. తండ్రి దాన్ని పసివాడికిచ్చాడని మర్నాడు చెప్పండి. పదేళ్ళవాడు ఊపిరిచ్చినవాడి పక్షాన గట్టిగా వాదించినా అడ్డుపడకండి.

మానవశాస్త్రవేత్త పరుగు పందేనికి పండ్ల బుట్ట పెడితే పిల్లలంతా చేతులు పట్టుకుని పరిగెత్తి "ఉబుంటు" (అందరం ఉంటేనే నేనున్నట్టు అనే అర్థం) అన్నారని వాట్సాప్‌లో తిరిగేది ఉంది చూశారా, దాన్ని మాత్రం ఈ కథల్లో కలపకండి. అది జానపద కథ కాదు.

చెప్పే పద్ధతి కూడా అకాన్ వాళ్ళదే పాటించండి. చీకటి పడ్డాకే మొదలుపెడతారు. "నిజమని చెప్పట్లేదు, నిజమని చెప్పట్లేదు" అని ముందే అనేస్తారు. మధ్యలో వింటున్నవాళ్ళు పాట అందుకుంటారు, దాన్ని మ్మోగుఓ అంటారు. మనం ఊఁ కొట్టే చోట వాళ్ళు పాడతారన్నమాట. పాము దొరికాక, కందిరీగలు దొరికాక రెండు చరణాలు పిల్లలచేత పాడించండి, ఏ పాటైనా సరే. మనం "కథ కంచికి" అనే చోట వాళ్ళు "నా కథ తియ్యగా ఉన్నా లేకపోయినా కొంత పట్టుకెళ్ళండి, కొంత నా దగ్గరికి తిరిగి రానివ్వండి" అంటారు. మర్నాడు రాత్రి ఏడేళ్ళవాణ్ణే చెప్పమనండి. తాడు, అరటాకు, పెండలం ముద్ద తప్పకుండా వస్తాయి.