లారీల లెక్కా? సరుకు లెక్కా?

ప్రశ్న: ఎం.టెక్.లో సరుకు రవాణా మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మా గైడ్‌గారు లారీలు ఆపి సర్వే చేయమంటున్నారు. స్నేహితులేమో జీపీఎస్ డేటా ఉండగా ఎండలో నిలబడటం ఎందుకంటున్నారు. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది సార్.
- ఒక విద్యార్థిని

జవాబు: ముందు మీకు కావలసింది లారీల లెక్కా, సరుకు లెక్కా అన్నది తేల్చుకోండమ్మా. ట్రాఫిక్, రోడ్డు అరుగుదల మీ విషయమైతే మీ గైడ్‌గారి మాటే సరైనది. ఖాళీగా తిరిగొచ్చే బండి కూడా రోడ్డు మీదే దొరుకుతుంది. ఫ్యాక్టరీకి వెళ్లి ఏం పంపారని అడిగితే ఆ ఖాళీ ట్రిప్పు సంగతి ఎవరూ చెప్పరు.

రోడ్డు సర్వేలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. డ్రైవర్ తొందరలో ఉంటాడు. ఎక్కడి నుంచి వస్తున్నావంటే లోడు ఎక్కించిన గోడౌన్ ఉన్న ఊరు చెబుతాడు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ సరుకు అక్కడికి రైల్లో వచ్చి ఉండొచ్చు, ఇంకో లారీలోంచి మారి ఉండొచ్చు. మన ఫారంలో మాత్రం అక్కడే పుట్టినట్టు పడుతుంది. పార్సిల్ లోడైతే "అన్నీ కలిపి ఉన్నాయండీ" అంటాడు, అంతే. అందుకే "ఈ సరుకు ఇక్కడికి ముందు వేరే బండిలో వచ్చిందా?" అన్న ప్రశ్న తప్పకుండా పెట్టండి. పక్కనే "తెలియదు" అన్న గడి కూడా ఉంచండి. లేకపోతే డ్రైవర్ ఏదో ఒకటి చెప్పేస్తాడు.

సరుకు లెక్కే కావాలంటే పంపేవాళ్లనే అడగాలి. అమెరికాలో 1993లో మొదలైన కమోడిటీ ఫ్లో సర్వే అలాంటిదే. ఎంపికైన సంస్థ ప్రతి మూడు నెలల్లో ఒక వారం తాను పంపిన సరుకుల్లో కొన్నిటి విలువ, బరువు, గమ్యం, వెళ్లిన రవాణా సాధనం (లారీ, రైలు లాంటివి) రాసిస్తుంది. అయితే పొలం నుంచి నేరుగా కదిలే పంట అందులోకి రాదు. ఫ్రాన్స్‌లో 2004 నాటి ఎకో సర్వే ఇంకా ముందుకు వెళ్లింది: పంపినవారితో మొదలుపెట్టి, మధ్యలో చేతులు మారిన రవాణాదారులందరినీ అడుగుతూ సరుకు చేరేదాకా వెంబడించింది. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, కానీ ఒక విద్యార్థి వల్ల అయ్యే పని కాదు.

జీపీఎస్ బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో చెబుతుంది. లోడు దించడానికి ఆగిందో, డ్రైవర్ నిద్రపోయాడో చెప్పదు. తోడుగా వాడుకోండి, దాని మీదే ఆధారపడకండి.

మీరు ఒక్కచోటే సర్వే పెట్టుకోండి. లారీలు ఆపడానికి పోలీసుల సాయం ముందే అడగండి. ఆపినవాటితో పాటు, దాటిపోయే ప్రతి బండినీ రకాలవారీగా 24 గంటలూ లెక్కపెట్టించండి. రాత్రి లెక్క వదిలేస్తే, చీకటిపడ్డాక నడిచే పెద్ద లారీలు మీ డేటాలో ఉండవు.