అమ్మ కంటి ఆపరేషన్‌కి వెళ్ళే ముందు

చిరంజీవి రమణకి,

మావయ్య ఆశీస్సులు. అమ్మ కుడికంట్లో శుక్లం ఉందని క్యాంపులో చెప్పారనీ, ముదిరాక, చలికాలంలో చేయిద్దామని అనుకుంటున్నారనీ అన్నావు. ఫోన్‌లో సరిగా వినపడలేదు, అందుకే రాస్తున్నాను.

చలికాలం దాకా ఆగక్కర్లేదు. ముదరక్కర్లేదు కూడా. అవి కుట్లు వేసి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చిన రోజుల మాటలు. ఇప్పుడు కంట్లోనే లెన్స్ పెడతారు, బాగా ముదిరి గట్టిపడితేనే తియ్యడం కష్టం. బియ్యంలో రాళ్ళు ఏరలేకపోతోంది, మెట్టు దిగేటప్పుడు తడబడుతోంది అంటే చేయించాల్సిన సమయం వచ్చినట్టే. ఈమధ్య కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నానని మురిసిపోతోందన్నావు చూడు, అదీ శుక్లం పనే. కొన్నాళ్ళు దగ్గరిచూపు బాగుపడినట్టు ఉంటుంది, తర్వాత అదీ పోతుంది.

నా భయం శుక్లం గురించి కాదు. అమ్మకి షుగర్ ఉంది, శుక్లం వెనక రెటీనా, అంటే కంటి లోపల బొమ్మ పడే తెర, ఎలా ఉందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నా ఉద్యోగమంతా కంటి ఓపీలోనే గడిచింది. ఆపరేషన్ చేసినా చూపు రాలేదని గొడవపడేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళలో కొందరికి లెన్స్ బ్రహ్మాండంగా ఉండేది, లోపల షుగర్ వల్ల రక్తనాళాలు కారి రెటీనా వాచి ఉండేది. కాబట్టి ఆపరేషన్ తేదీ అడిగే ముందు, చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా చూడమని అడుగు. లోపల వాపు ఉంటే ఇంజెక్షనో లేజరో ఎప్పుడు చెయ్యాలో వాళ్ళే చెబుతారు. శుక్లం మరీ దట్టంగా ఉండి లోపల కనపడకపోతే స్కానింగ్ చేస్తారు. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది, ఎండ భరించలేదు. బండి మీద కాకుండా ఆటోలో తీసుకెళ్ళు.

కంటి ప్రెషర్ కూడా చూపించు. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. అది పెరిగితే నీటికాసుల జబ్బు (గ్లకోమా) రావచ్చు. అందులో సాధారణంగా నొప్పి ఉండదు, చూపు పక్కల నుంచి తరిగిపోతుంది, పోయింది తిరిగి రాదు. శుక్లంతో పోయిన చూపు ఆపరేషన్‌తో వస్తుంది. ఈ తేడా తెలియకే ఊళ్ళో రెండింటినీ ఒకటే అనుకుంటారు.

మీది కవిటి కదా, ఉద్దానంలో ఎంతమందికి కిడ్నీ జబ్బు ఉందో నేను చెప్పక్కర్లేదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట పెట్టుకెళ్ళి ముందే చూపించు. కంటి ప్రెషర్ తగ్గించే అసిటాజోలమైడ్ మాత్ర, నొప్పి మాత్రలు కిడ్నీ బాగోలేని వాళ్ళకి ఇవ్వాలంటే డాక్టర్లు ఆలోచిస్తారు. రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే మీ అంతట మీరు ఆపెయ్యకండి. రేపు మీ నాన్న వంతు వచ్చినప్పుడు ప్రొస్టేట్ మాత్ర సంగతి తప్పకుండా చెప్పాలి. కొన్నిటి వల్ల ఆపరేషన్ మధ్యలో కనుపాప ముడుచుకుపోతుంది.

శ్రీకాకుళం రిమ్స్‌లో కంటి విభాగం ఉంది. రెటీనా పని పెద్దదైతే విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకెళ్ళి, ఏది ఉచితమో ఏది కాదో చేరకముందే అడుగు. ఆపరేషన్‌కి ముందు కన్నీటి గొట్టంలోకి నీళ్ళు కొట్టి చూస్తారు, కంగారుపడొద్దని అమ్మకి చెప్పు. అది మూసుకుపోయి చీము ఉంటే ఆపరేషన్ వాయిదా వేస్తారు, అదే మంచిది.

లెన్సుల ప్యాకేజీల దగ్గర మొహమాటపడకు. ఖరీదైనది పెడితేనే అమ్మ మీద ప్రేమ ఉన్నట్టు కాదు. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్ లెన్స్, రెటీనా దెబ్బతిన్న కంటికి సాధారణంగా సరిపడదు. ఒక్క దూరానికే పనిచేసే మామూలు మోనోఫోకల్ చాలు, చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంటుంది.

తర్వాత నెలా నెలన్నర చుక్కలు చెప్పిన లెక్కన వెయ్యాలి. కంట్లో నీళ్ళు పడకూడదు, నలపకూడదు, కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వకు. నొప్పి పెరిగినా, ఎర్రబడినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్ళు, అర్ధరాత్రయినా సరే. మెడికల్ షాపులో చుక్కలు అడిగి తేవద్దు. స్టెరాయిడ్ కలిసినవి వాడితే ప్రెషర్ పెరుగుతుంది, కంటికి పుండు పడితే మరీ ప్రమాదం. నూర్పుల్లో ధాన్యం పొల్లు తగిలిన కంట్లో పసరు పోసి, చివరికి నల్లగుడ్డు మీద తెల్లమచ్చతో వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎప్పుడైనా మళ్ళీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందని హడలిపోకండి. లెన్స్ వెనక పొర మసకేస్తుంది, లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తారు.

ఇంకొకటి. తాతయ్యకి నీటికాసులు ఉండేవి, ఆ జబ్బు కుటుంబాల్లో వస్తుంది. నీకూ నలభై దాటాయి. అమ్మకి చీటీ రాయించే కౌంటర్లోనే నీకూ ఒకటి రాయించుకో. రిపోర్టులు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు.

మీ మావయ్య,
విజయనగరం