ప్రార్థన దగ్గర పిల్లవాడు ఆవలిస్తే

చిట్టితల్లికి,

ప్రభువు నామంలో నీకూ, అల్లుడికీ, పిల్లలకీ శుభాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుటుంబ ప్రార్థనలో పెద్దవాడు ఆవలిస్తున్నాడనీ, మొన్న "రోజూ ఎందుకమ్మా?" అని అడిగేశాడనీ, ఎక్కడ దేవునికి దూరమైపోతాడో అని టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఎనిమిదేళ్ల పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు ఆవలించేది నిద్రొచ్చి తల్లీ, విశ్వాసం లేక కాదు. ప్రార్థన భోజనానికి ముందుకు జరుపు. ఒక పాట, నాలుగు వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో చిన్న ప్రార్థన చాలు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు, అదీ కీర్తనే కదా. ఆవలింత సంగతి ఇంతే. వాడి ప్రశ్న సంగతి తర్వాత చెబుతాను. ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మీ అన్నయ్య చిన్నప్పుడు అబద్ధం ఆడినా, చెల్లిని కొట్టినా 119వ కీర్తనలో ఒక భాగం కంఠతా పట్టమనేదాన్ని. ఆ కీర్తనలో 22 భాగాలున్నాయి, భాగానికి ఎనిమిదేసి వచనాలు. వాడు ఏడుస్తూ వల్లెవేసేవాడు. అప్పజెప్పే దాకా అన్నం పెట్టేదాన్ని కాదు. వాక్యం నేర్పుతున్నానని, క్రమశిక్షణ కూడా వస్తుందని సంతోషపడేదాన్ని. సంఘంలో అందరూ మెచ్చుకునేవారు కూడా.

వాడికి ఇరవై ఏళ్లు దాటాక ఒకరోజు నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, ఆ కీర్తన తెరిస్తే ఇప్పటికీ నేనేదో తప్పు చేసినట్టే ఉంటుంది." నీ మాటలు తేనెకంటే తీపి అని పాడిన కీర్తన అది. దాన్ని నా చేతులతో నేనే చేదు చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు వాడి దగ్గర కూర్చుని, "నాన్నా, నేను తప్పు చేశాను, క్షమించు" అని అడిగాను. దేవుణ్ణి కూడా వాడి ముందే క్షమాపణ అడిగాను. వాడు ఏమీ మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు, మారుమనస్సు అంటే ఏమిటో తనకు అర్థమైంది ఆ రోజేనని. అన్ని ఏళ్ల సండే స్కూల్ చేయలేని పని అది చేసిందట.

అందుకే నీకు మొదట చెప్పేది ఇది. పిల్లల మీద కేక వేశావనుకో, అన్యాయంగా తిట్టావనుకో, ఆ సాయంత్రం ప్రార్థనలో వాళ్లు వింటుండగా ఒప్పుకో. యేసు పాపులను క్షమిస్తాడని వాళ్లకు వంద కథలు చెప్పవచ్చు. అమ్మకూ ఆ క్షమాపణ కావాలని, అమ్మ అది అడిగి పొందుతుందని కళ్లారా చూస్తే ఆ మాట వాళ్ల లోపల నాటుకుంటుంది. "దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అనే బెదిరింపు మాత్రం ఇంట్లో నుంచి తీసెయ్. అబ్రాహాము ఇంటి దాసి హాగరు పారిపోయి అరణ్యంలో ఉంటే దేవుడు ఆమెను చూశాడు, ఆమె ఆయనకు చూసే దేవుడు అనే పేరే పెట్టుకుంది. చూసే దేవుడంటే పిల్లలకు ధైర్యం రావాలి గాని వణుకు రాకూడదు.

ఇక వాడి ప్రశ్న. ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగ గురించి ఆజ్ఞ ఇచ్చేటప్పుడే, ఈ ఆచారం ఏమిటని మీ పిల్లలు అడుగుతారు, అప్పుడు ఇలా చెప్పండి అని మోషే పెద్దలకు చెప్పాడు. యొర్దాను నది దాటాక, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించిందీ పిల్లలు చూసి "ఇవేంటి?" అని అడగాలనే. కాబట్టి "ఎందుకమ్మా?" అన్నవాణ్ణి కసరకు. అది దేవుడు ఎదురుచూసిన ప్రశ్న. జవాబు పాస్టర్ గారిని అడిగి చెప్పకు, నీదే చెప్పు. నీకు ఉద్యోగం పోయిన ఏడాది ఏం జరిగిందో, ఎవరి చేత ఆయన మీకు సహాయం పంపాడో వాడికి తెలుసా? తెలియకపోతే ఈ వారమే చెప్పు. యెహోషువ తరం చనిపోయాక యెహోవాను గాని ఆయన చేసిన కార్యాలను గాని ఎరుగని తరం వచ్చిందని న్యాయాధిపతుల గ్రంథంలో చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది. ఆ రాళ్ల కథ ఇళ్లలో ఎవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది.

జవాబు రాని ప్రార్థనలు కూడా దాచకు. మీ పెదనాన్న చెల్లెలి కోసం ఇంటిల్లిపాదీ ప్రార్థించినా ఆమె బతకలేదు. "మనం సరిగ్గా ప్రార్థించలేదా?" అని మా చిన్నది అడిగింది. "ఎందుకో నాకూ తెలియదమ్మా, కానీ స్నేహితుడు లాజరు చనిపోయినప్పుడు యేసు కూడా ఏడ్చాడు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. అప్పుడు ఏదో ఒక జవాబు అల్లి చెప్పి ఉంటే, పెద్దయ్యాక అది నా మాట నమ్మేది కాదు.

అల్లుడు ప్రార్థనలో పెద్దగా కలవడని రాశావు. పౌలుతో కలిసి సేవ చేసిన తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు. అవ్వ లోయి, తల్లి యునీకే, వీళ్లిద్దరి విశ్వాసమే అతనికి వచ్చిందని పౌలు రాశాడు. నువ్వు ధైర్యంగా చెయ్. పిల్లలు వింటుండగా మాత్రం వాళ్ల నాన్న మీద దేవునికి ఫిర్యాదులు చెయ్యకు. ఆ ప్రార్థన నీ గదిలో చేసుకో.

బాప్తిస్మం గురించి ఇప్పుడే తొందరపడకు. మీ సంఘం పద్ధతి ఏదైనా సరే, వాడి నోటితో నువ్వు విశ్వాసం చెప్పించలేవు. యాజకుడైన ఏలీని గుర్తు తెచ్చుకో. సొంత కొడుకులను అదుపు చేయలేకపోయిన మనిషే అయినా, తన దగ్గర పెరుగుతున్న చిన్న సమూయేలు రాత్రి ఎవరో పిలిచారని మూడోసారి లేచి వచ్చినప్పుడు పిలుస్తున్నది యెహోవా అని గ్రహించాడు. ఏమని బదులు చెప్పాలో నేర్పి, పిల్లవాణ్ణి వెనక్కి పంపి పడుకోబెట్టాడు. తను వెంట వెళ్లలేదు. మనకు కష్టమైన పని అదే, వెంట వెళ్లకుండా ఉండటం. మీ అన్నయ్య కాలేజీ రోజుల్లో రెండేళ్లు ఆరాధనకు రాలేదు. ఆ రెండేళ్లూ నేను వాడి గది తలుపు బయట నిలబడి ప్రార్థించాను, తలుపు మాత్రం కొట్టలేదు.

వచ్చే నెల వస్తాను. ఈలోగా పెద్దవాడికి ఏం జవాబు చెప్పావో, దానికి వాడేమన్నాడో రాయి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ