సర్వీసు రిజిస్టరు క్లౌడ్‌కు ఎక్కే ముందు

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్ను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో వేశారనీ, సిబ్బంది వివరాలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించే పని నీకే అప్పగించారనీ అక్కయ్య ఫోనులో చెప్పింది.

1996 నవంబరు 6 తుపాను వెళ్లాక మా ఆఫీసు బీరువా తెరిస్తే, ఒక్కో ఉద్యోగి వివరాలన్నీ రాసి ఉంచే సర్వీసు రిజిస్టర్లు నానిపోయి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. వాటిని డాబా మీద ఆరబెట్టి, అలుక్కుపోయిన సిరాలోంచి ఇంక్రిమెంటు తేదీలు కూడబలుక్కోవడానికి మాకు నెలలు పట్టింది. అందుచేత ఎక్కడో దూరాన సర్వర్లలో నకళ్లుండే ఈ పద్ధతిని నేను కాదనను. లంకల పక్కన ఉద్యోగం చేసేవాడికి దాని విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే క్లౌడ్ రిజిస్టరును కాపాడుతుంది గాని అందులోని తప్పును దిద్దదు. మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఇలాంటి మార్పును సిస్టములో ఒక్కచోట చేస్తే అందరి విరమణ తేదీలూ వాటంతటవే మారతాయి. కానీ పుట్టిన తేదీలో నువ్వు ఒక అంకె తప్పు కొడితే ఆ లెక్క అంతే ఠీవిగా తప్పుతుంది. ఉద్యోగంలో చేరిన తేదీ విషయంలో మరీ జాగ్రత్త. అది 2004 సెప్టెంబరు 1కి ముందా తరువాతా అన్నదాన్ని బట్టే సాధారణంగా పాత పింఛనో, జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం సీపీఎస్సో తేలుతుంది. కాబట్టి నియామక ఉత్తర్వును, చేరిక రిపోర్టును, రిజిస్టరు మొదటి పేజీని పక్కపక్కన పెట్టి చూడు. ఎక్కించినదాన్ని ఆ ఉద్యోగికే చూపించి సంతకం తీసుకున్నాకే ఆమోదానికి పంపు. సెలవుల ఖాతా కూడా అలాగే.

వివరాలు ఎక్కించేవాడూ ఆమోదించేవాడూ ఒకడే కాకూడదు. పని తెమలాలని అధికారి తన పాస్‌వర్డు చీటీ మీద రాసిస్తే వినయంగా వెనక్కి ఇచ్చెయ్యి. ఓటీపీ చెబుతానన్నా వద్దను, ఎందుకంటే రేపు తనిఖీలో ఆ లాగిన్ ఆయనదే అయినా వేళ్లు నీవైపే చూపిస్తాయి. బదిలీ అయినవారి లాగిన్‌ను రిలీవైన రోజే తీయించు.

ముందుగా 2004కు అటూ ఇటూ చేరినవారి రిజిస్టర్లు తీయి. సందేహం వచ్చిన పేజీని ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపవద్దు, అవి వాళ్ల సొంత వివరాలు. ఆదివారం ఇంటికి వచ్చి, పేర్లు చెప్పకుండా నోటితో అడుగు.

నీ మామయ్య