తీరిపోయిన అప్పు రిపోర్టులో బకాయిగా ఉంటే

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మోటారు సైకిలు కోసం ఒక ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న అప్పును 2022లో చివరి వాయిదాతో సహా తీర్చి, బాకీ లేదని ఎన్‌ఓసీ కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఇంటి రుణానికి వెళ్తే, ఆ అప్పు మీద రూ.4,860 బకాయి ఉన్నట్టు, నా అప్పులు, చెల్లింపుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ఉందని బ్యాంకువారు దరఖాస్తు తిరస్కరించారు. రూ.8,000 ఇస్తే సిబిల్ క్లియర్ చేయిస్తానని అరండల్‌పేటలో ఒక ఏజెంటు అంటున్నాడు. ఇవ్వవచ్చునా? రిపోర్టు మాటిమాటికీ చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ డబ్బు ఇవ్వకండి. ఏజెంటు సక్రమంగా చేయగలిగిన పని ఏదైనా ఉంటే అది మీరు ఖర్చు లేకుండా చేసుకోగలిగినదే. అంతకు మించి చేస్తానంటే నమ్మవద్దు.

మన దేశంలో ఇటువంటి రిపోర్టులు ఇచ్చే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఇవి 2005 నాటి చట్టానికి లోబడి, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో పనిచేస్తాయి. మీ పద్దును ఈ సంస్థలు సొంతంగా రాయవు. అప్పు ఇచ్చినవారు పంపిన వివరాలనే భద్రపరచి, వాటిని బట్టి 300 నుంచి 900 వరకు స్కోరు లెక్కగడతాయి. కాబట్టి ఫైనాన్స్ కంపెనీ సరిచేసి పంపితే తప్ప ఆ రూ.4,860 పోదు. ఇంటి రుణం కాదన్న బ్యాంకు మేనేజరును ఎంత బతిమాలినా ఫలితం ఉండదు, ఆ పద్దు ఆయన చేతిలోది కాదు.

ముందుగా నాలుగు సంస్థల నుంచీ రిపోర్టులు తెప్పించుకోండి. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ప్రతి సంస్థా ఉచితంగా ఇవ్వాలి. ఒకదానిలో సరిగా ఉన్న పద్దు మరొకదానిలో తప్పుగా ఉండవచ్చు గనుక నాలుగూ చూడటం అవసరం. మీ రిపోర్టు మీరు చూసుకున్నందువల్ల స్కోరు తగ్గదు; రుణం కోసం దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చూస్తే మాత్రం అది విచారణగా నమోదై స్కోరును కాస్త తగ్గించవచ్చు. కనుక ఈ తప్పు సరయ్యేవరకు మరో బ్యాంకులో దరఖాస్తు పెట్టకండి.

తర్వాత ఎన్‌ఓసీ, చివరి వాయిదా రసీదు జతచేసి ఫైనాన్స్ కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, అదే రోజు సిబిల్ వెబ్‌సైటులో కూడా అభ్యంతరం నమోదు చేయండి. ‘నా స్కోరు పెంచండి’ అని రాయవద్దు, స్కోరు లెక్కగట్టే పద్ధతి మీద ఫిర్యాదుకు కింద చెప్పే పరిహారం వర్తించదు. ‘ఈ ఖాతాలో ఈ బకాయి తప్పు’ అని రాయండి. ఫిర్యాదు సంఖ్య, తేదీ జాగ్రత్త చేసుకోండి, ఎందుకంటే ఇక్కడి నుంచి మీ హక్కంతా తేదీల మీదే నడుస్తుంది. 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కాకపోతే, ఆపైన గడిచే ప్రతి రోజుకూ రూ.100 మీకు చెల్లించాలి. అప్పు ఇచ్చిన సంస్థ 21 రోజులలోగా సరిచేసిన వివరాలు పంపకపోతే ఆ సంస్థ, అది పంపినా మార్చకపోతే సిబిల్ ఈ సొమ్ము భరించాలి. అడగటానికి మొహమాటపడకండి, అది వారు దయతో ఇచ్చేది కాదు.

ఇంకొక సంగతి. ఆ రూ.4,860 ఆలస్య రుసుము కావచ్చు, చెక్కు వెనక్కు వచ్చినందుకు వేసినది కావచ్చు. అది ఎలా వచ్చిందో ఖాతా స్టేట్‌మెంటు అడిగి తెలుసుకోండి. ‘సగం కట్టండి, సెటిల్ చేస్తాం’ అంటే మాత్రం ఒప్పుకోకండి. అలా ఒప్పుకుంటే రిపోర్టులో ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని కాక ‘సెటిల్డ్’ (కొంత వదులుకుని ముగించారు) అని పడుతుంది, అది చూసి బ్యాంకులు మళ్ళీ వెనకాడతాయి.

30 రోజులు దాటాక కూడా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి సిబిల్ వంటి సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే వివరాలు చెబుతారు.

ప్రశ్న: మా మరిది అప్పుకు హామీ సంతకం చేశాను. ఆయన వాయిదాలు కట్టడం లేదు. ఆ అప్పు నా రిపోర్టులోనూ కనిపిస్తోంది. తీయించవచ్చునా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: తీయించలేరమ్మా. తప్పుగా ఉన్నదాన్ని దిద్దించుకునే హక్కు ఉంది గాని, నిజాన్ని చెరిపించే హక్కు లేదు. హామీ ఉన్నవారు కూడా ఆ అప్పుకు బాధ్యులే. ఆయన చేత కట్టించండి. అది కుదరక మీరే కట్టవలసి వస్తే, ప్రతి రూపాయినీ బ్యాంకు ద్వారానే కట్టి రసీదులు ఉంచుకోండి, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ సొమ్మును మీ మరిది దగ్గర రాబట్టుకునే హక్కు మీకు ఉంది. బకాయి తీరిన నెల తర్వాత రిపోర్టు చూసుకోండి. 2025 జనవరి నుంచి అప్పు ఇచ్చిన సంస్థలు కనీసం పదిహేను రోజులకొకసారి వివరాలు పంపాలి గనుక అప్పటికీ మారకపోతే పైన చెప్పినట్టే ఫిర్యాదు చేయండి.