మూత తెరిస్తే నల్ల తెర

ప్రశ్న: సార్, మాది కావలి. బి.టెక్ చివరి సంవత్సరం. కొత్త సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ముందుగా వస్తాయని ల్యాప్‌టాప్‌లో లినక్స్ రకమైన డెబియన్‌లో, ఇంకా పరీక్షలో ఉండే సిడ్ వేసుకున్నాను. పది రోజుల కిందట అప్‌డేట్ చేశాక, మూత మూసి తెరిస్తే తెర నల్లగా ఉండిపోతోంది. క్యాప్స్‌లాక్ లైటు మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. ఇప్పటికి నాలుగుసార్లు అయింది. ప్రాజెక్టు మొత్తం ఇందులోనే ఉంది. రొయ్యల పంట డబ్బు చేతికొచ్చినప్పుడు నాన్న కొనిచ్చింది, పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఫ్రెండ్స్ ఫార్మాట్ కొట్టెయ్యమంటున్నారు. కొట్టెయ్యనా?

జవాబు: వద్దమ్మా. ఫార్మాట్ కొడితే ఏం జరిగిందో చెప్పే ఆధారం మొత్తం పోతుంది. మళ్లీ సిడ్ వేస్తే అదే అప్‌డేట్ వస్తుంది, అదే నల్ల తెర వస్తుంది. ముందు ప్రాజెక్టు ఫోల్డర్‌ని ఈ రాత్రికే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. మిగతా పనులు ఆ తర్వాతే మొదలుపెట్టు.

క్యాప్స్‌లాక్ లైటు అలా కొట్టుకోవడం కెర్నల్ ప్యానిక్‌కి గుర్తు. కెర్నల్ అంటే సిస్టమ్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రామ్. ఇక ముందుకు పోతే డేటా చెడుతుందని కెర్నల్ తనంతట తానే ఆగిపోయిందన్నమాట. మెషీన్ చెడిందా, అప్‌డేట్ చెడగొట్టిందా అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఆన్ చేసినప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే సాధారణంగా పాత కెర్నల్ కూడా కనిపిస్తుంది. రెండు రోజులు దాంతోనే పనిచేసుకో. మూత పదిసార్లు మూసి తెరువు. ఒక్కసారి కూడా ఆగకపోతే తప్పు చాలావరకు కొత్త కెర్నల్‌దే. ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదని నాన్నకి ధైర్యంగా చెప్పొచ్చు. ఇదంతా తేలేదాకా, అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ మాత్రం కొట్టకు, పాత కెర్నల్‌ని తీసేసే ప్రమాదం ఉంది.

పాత కెర్నల్‌తోనూ అలాగే అయితే ర్యామ్ మీద అనుమానపడాలి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నా రిపేరు షాపు. చాలా ఏళ్ల కిందట, రోహిణి కార్తెలో, ఇంకా విడుదల కాని వెర్షన్ ఒకటి షాపు మెషీన్‌లో నడుపుతూ ఉంటే రోజుకి రెండుసార్లు కూలిపోయేది. డెవలపర్ల మీద కోపంతో పెద్ద ఫిర్యాదు రాశాను. వాళ్లలో ఒకాయన ఓపిగ్గా, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ని ఒక రాత్రంతా నడిపి చూడమని జవాబిచ్చాడు. పొద్దున షాపు తలుపు తీసేసరికి తెర నిండా ఎర్ర గీతలు. రెండు ర్యామ్ ముక్కల్లో ఒకటి చెడింది. ఆయనకి క్షమాపణ రాశాను. ఆ రోజు నుంచి ఎవరి మెషీన్ కూలినా నేను ముందు అడిగేది, ఏ పూట కూలుతోంది, కూలేముందు ఏం మారింది అని. మధ్యాహ్నం ఎండలోనే కూలుతుంటే ఫ్యాన్‌లో దుమ్ము చూడాలి. నీది మూత తెరిచినప్పుడే, అదీ అప్‌డేట్ తర్వాతే కాబట్టి నాకు కెర్నల్ మీదే అనుమానం.

ఏం మారిందన్నది గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, సిస్టమే రాసిపెడుతుంది. వార్ (var) అనే ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్ ఫోల్డర్ (/var/log/apt) తెరిస్తే హిస్టరీ అనే ఫైలు ఉంటుంది. ఏ తేదీన ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి మారిందో అందులో ఉంటుంది. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌కి మైనస్ బి, మైనస్ 1 తగిలిస్తే (journalctl -b -1) కిందటిసారి ఆన్ చేసినప్పటి లాగ్ చూపిస్తుంది. అందులో చివరి వంద లైన్లు చదువు. ప్యానిక్ అయిన క్షణంలో వచ్చిన సందేశాలు చాలాసార్లు డిస్కు దాకా చేరవు, లాగ్ మధ్యలో తెగిపోయినట్టుంటే కంగారు పడకు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ సందేశాలు మదర్‌బోర్డు మెమరీలో దాగి, తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు వార్, లిబ్, సిస్టమ్‌డీ లోపలి పీస్టోర్ ఫోల్డర్‌కి చేరతాయి. అక్కడా వెతుకు. తెర మీద ఏమైనా అక్షరాలు కనిపిస్తే ఫోన్‌తో ఫొటో తీసుకో.

ఇవన్నీ దొరికాక రిపోర్ట్‌బగ్ అనే టూల్‌తో డెబియన్ వాళ్లకి పంపు. బాగా పనిచేసిన చివరి వెర్షన్ ఏది, కూలిన మొదటి వెర్షన్ ఏది, నీ ల్యాప్‌టాప్ మోడల్ ఏది అన్నవి తప్పకుండా రాయాలి. ఆ రెండు వెర్షన్లు తెలిస్తే వాటి మధ్య వచ్చిన మార్పులను సగం సగం చేసుకుంటూ వెతుకుతారు. పదివేల మార్పులున్నా పద్నాలుగు పరీక్షల్లో ఒక్కదాని దగ్గరికి వచ్చేస్తారు. సిడ్ ఉన్నదే ఇందుకమ్మా. కొత్త ప్యాకేజీ ముందు ఇక్కడికొచ్చి, ఇక్కడ నిలిస్తేనే టెస్టింగ్ అనే తర్వాతి మెట్టుకి, అక్కడి నుంచి అందరికీ విడుదలయ్యే స్టేబుల్‌కి పోతుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అలా తయారైనదే. నువ్వు రాసే నాలుగు లైన్లతో ఇంకొకరి ల్యాప్‌టాప్ ఇలా ఆగకుండా ఉంటుంది.

ఆప్ట్-లిస్ట్‌బగ్స్ అనే టూల్ కూడా వేసుకో. ప్యాకేజీలో పెద్ద దోషం ఉన్నట్టు ముందే నమోదై ఉంటే అప్‌డేట్‌కి ముందే చెబుతుంది. ప్రాజెక్టు అప్పగించేదాకా అప్‌డేట్ జోలికే పోవద్దు.

ప్రశ్న: సిస్టమ్ బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తున్నాను. మంచిదేనా? – ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: అది ఆఖరి దారి అబ్బాయ్. ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. లాగిన్ అడిగితే గ్రాఫిక్స్ మాత్రమే ఆగినట్టు, అక్కడి నుంచి మామూలుగా రీబూట్ చెయ్యొచ్చు. అది రాకపోతే ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ రెండూ పట్టుకుని రెండేసి సెకన్ల తేడాతో ఎస్, యు, బి నొక్కు. ఎస్ డేటాని డిస్కులోకి రాయిస్తుంది, యు డిస్కుని చదవడానికి మాత్రమే ఉంచుతుంది, బి రీబూట్ చేస్తుంది. కొన్ని సిస్టమ్‌లలో ఈ కీలను ఆపేసి ఉంచుతారు. క్యాప్స్‌లాక్ లైటు కొట్టుకుంటుంటే మాత్రం పవర్ బటనే నొక్కాలి.